అపెండిక్సులో నా భాగస్వామ్యం

మా యూనివర్సిటీలో చదువు చెప్పరని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుందండి. ఎందుకు చెప్పరు, బ్రహ్మాండంగా చెప్తారు. వెనక నిలబడ్డవాడికి వినపడదు, అంతే. నేనెప్పుడూ వెనకే నిలబడేవాణ్ణి. అది నా తప్పు గానీ యూనివర్సిటీ తప్పు కాదు.

ఆ దేశం పేరు మాత్రం అడక్కండి. చలి దేశం. చుట్టూ కొండలు, కొండల కింద చిన్న ఊరు, ఊళ్లో ఒక ఆసుపత్రి, దాన్ని ఆనుకుని మా మెడికల్ యూనివర్సిటీ. మాది రావులపాలెం పక్కన పల్లె. ఇక్కడ నాకు సీటు రాలేదు. రాలేదంటే ఏదో కొద్దిలో పోయిందనుకునేరు, నా మార్కులకీ సీటుకీ మధ్య గోదారంత ఖాళీ ఉంది. అప్పుడు కన్సల్టెన్సీ ఆయన మా సూరిబాబు మావయ్యకి కూల్‌డ్రింకు తాగించి, "అక్కడ మొదటి ఏడాది నుంచే మీ అబ్బాయి ఆపరేషన్ థియేటర్లో ఉంటాడండి" అని చెప్పాడు. ఆయన అబద్ధమాడలేదు. మొదటి ఏడాది నుంచే ఉన్నాను. ముందు వరసవాళ్లు రోగిని చూసేవాళ్లు, రెండో వరసవాళ్లు ముందు వరస భుజాలు చూసేవాళ్లు, నేను భూమేష్ మెడ చూసేవాణ్ణి. సర్జరీ గురించి నన్నేం అడిగినా తడబడతాను గానీ, భూమేష్ మెడ మీద పుట్టుమచ్చ ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలను.

భూమేష్ నా రూమ్మేటు. జగిత్యాలవాడు. మనిషి పొడుగు కావడం వల్ల వాడికి అప్పుడప్పుడు రోగి కాలి బొటనవేలు కనపడేది. రూముకొచ్చాక ఆ వేలు ఎలా ఉందో నాకు వివరంగా చెప్పేవాడు. అలా ఇద్దరం చదువుకున్నాం.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం మెడ సంగతి ఎత్తేవాణ్ణి కాదు. "ఇవాళేం చేశావురా మణీ" అని మావయ్య అడిగితే, "ఇరవైనాలుగ్గంటల నొప్పి కేసు ఒకటి చేశాం మావయ్యా" అనేవాణ్ణి. ఆ ఆసుపత్రిలో జరిగే ఆపరేషన్ కూడా అదొక్కటే, అపెండిక్సు తియ్యడం. పెద్ద రోగాలన్నీ రాజధానికి వెళ్లిపోయేవి. మావయ్య ఊళ్లోకి వెళ్లి, "మావాడు ఇవాళ కూడా ఒకడి కడుపు కోశాడు" అని టీకొట్టు దగ్గర చెప్పుకునేవాడు. అక్కడితో ఆగితే బాగుండును. ఆయనకి హెర్నియా ఉంది. రాజమండ్రి డాక్టరు ఆపరేషన్ చేస్తానంటే, "మా మణిగాడొచ్చి చేస్తాడు, వేరేవాడి చెయ్యి నా ఒంటి మీద పడనివ్వను" అని బెల్టు కట్టుకుని తిరుగుతున్నాడు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టేది కాదు.

ఇలా నడుస్తుండగా ఆఖరి ఏడాదిలో మాకు ప్రత్యక్ష భాగస్వామ్యం వచ్చింది.

ఎవరో పిల్లలు డిగ్రీ పట్టుకుని ఇంటికెళ్లి, ఇంట్లోవాళ్ల వేలు తెగితే రక్తం చూసి కళ్లు తిరిగి పడిపోయారట. తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. దాంతో యూనివర్సిటీవారు ప్రొఫెసర్ బరనోవ్ గారిని సమన్వయకర్తగా వేశారు. ఆయన ఇంగ్లీషు పాత పుస్తకాల్లోంచి నేర్చుకున్నాడు. ఆ భాషని నేను మా హైస్కూలు తెలుగు మాస్టారి భాషలోకి మార్చుకుంటే తప్ప నాకు అర్థమయ్యేది కాదు. అలాగే చెప్తాను, వినండి.

"ప్రియ విద్యార్థులారా," అన్నాడాయన, "నేటి నుండి మన విద్యాలయమున ప్రేక్షకత్వము రద్దు గావింపబడినది. ప్రతి విద్యార్థియు కనీసము ఒక శస్త్రచికిత్సయందు ప్రత్యక్షముగా భాగస్వామి కావలెను. కానివానికి పట్టా లేదు. చూచుట భాగస్వామ్యము కాదు. నిలుచుట భాగస్వామ్యము కాదు."

మేం చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా నేనే కొట్టాను.

ఇబ్బందల్లా ఎక్కడొచ్చిందంటే, మేం బోలెడంతమందిమి, అపెండిక్సులు కొన్నే. బరనోవ్ గారు మేధావి. ఆపరేషన్ని ముక్కలు చేసి తలా ఒక ముక్క పంచాడు. సర్జను గౌనుకి నాలుగు తాళ్లుంటాయి, నలుగురు విద్యార్థులు. లైటు వేసేవాళ్లు ఒకరు, ఆర్పేవాళ్లు ఒకరు. కుట్టు వేసేటప్పుడు దారం అందించేవాడు వేరు, దారం చివర కత్తిరించేవాడు వేరు, కత్తిరించిన ముక్కని పళ్లెంలో వేసేవాడు వేరు. తలుపు తీసే పనికి "ద్వార విభాగము" అని పేరు పెట్టాడు. లైటు వేసిన అమ్మాయి ఎంత శ్రద్ధగా వేసిందంటే, ఆ అమ్మాయికి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

నాకు స్వేద విభాగం వచ్చింది. సర్జనుకి నుదుటి మీద చెమట పడితే గాజుగుడ్డతో తుడవాలి. నాకు చాలా గర్వంగా అనిపించింది, ఎందుకంటే థియేటర్లో సర్జను మొహం దగ్గరికి వెళ్లే విభాగం ఇదొక్కటే. భూమేష్‌కి ధైర్యవచన విభాగం. కొయ్యడానికి ముందు రోగి చెయ్యి పట్టుకుని "భయపడకండి" అనాలి. వాడు ఆ ముక్కని అక్కడి భాషలో రాత్రీ పగలూ బట్టీపట్టాడు.

సర్జను డాక్టర్ ఐగుల్. ఆవిడ తక్కువ మాట్లాడుతుంది, చక్కగా కోస్తుంది. ఆవిడకి చెమట పట్టదు. నేను గాజుగుడ్డ పట్టుకుని ఆవిడ నుదుటి వంక రెప్పవెయ్యకుండా చూస్తూ నిలబడ్డాను. ఆపరేషన్ అయిపోయింది. నుదురు పొడిగా ఉంది.

"స్వేదము రాలేదు," అన్నాడు బరనోవ్ గారు. "రానిదానిని తుడువజాలవు. తుడువనిది భాగస్వామ్యము కాదు."

రెండోసారి నేను తెలివి ఉపయోగించాను. ముందుగా వెళ్లి థియేటర్లో హీటరు పూర్తిగా తిప్పేశాను. డాక్టర్ ఐగుల్ నుదురు అలాగే ఉంది గానీ, పాపం రోగికి ముచ్చెమటలు పట్టాయి. వాటిని తుడవబోయాను. మత్తు డాక్టరు నా చేతి మీద కొట్టాడు. బరనోవ్ గారిని అడిగితే, "రోగి స్వేదము మత్తు విభాగ పరిధిలోనిది. నీవు సరిహద్దు దాటితివి" అన్నాడు.

భూమేష్ గతి అంతకంటే ఘోరం. ఆ ఊళ్లో మగాళ్లు గుర్రాల మీద పుట్టి పెరిగినవాళ్లు. వీడు చెయ్యి పట్టుకుని "భయపడకండి" అంటే, బల్ల మీద పడుకున్నాయన, "నాకేం భయం లేదు, నువ్వెందుకు వణుకుతున్నావు?" అన్నాడు.

"భయము లేనివానికి ధైర్యము చెప్పుట నిరర్థకము," అన్నాడు బరనోవ్ గారు. "భాగస్వామ్యము చెల్లదు."

ఆ తర్వాత రోగులే రావడం మానేశారు. ఆ ఊరివాళ్లని తప్పుపట్టలేం. కడుపునొప్పని ఆసుపత్రికొస్తే గుమ్మం దగ్గరే పాతికమంది గౌన్లు వేసుకుని ఆప్యాయంగా నవ్వుతుంటే ఎవరికైనా నొప్పి తగ్గిపోతుంది. బస్సెక్కి పక్కఊరు వెళ్లిపోతున్నారని తెలిసింది. బరనోవ్ గారు అత్యవసర సభ పెట్టాడు.

"రోగుల సహకారలోపము మన ప్రగతికి ఆటంకమగుచున్నది. ప్రజలు తమ అవయవములను స్వార్థబుద్ధితో దాచుకొనుచున్నారు. కనుక భాగస్వామ్యము పొందని విద్యార్థులు క్షేత్రమునకు పోయి రోగులను సాదరముగా ఆహ్వానింపవలెను."

క్షేత్రం అంటే బజారు. నేనూ భూమేష్ వెళ్లి కడుపు పట్టుకున్నవాళ్ల కోసం వెతికాం. ఎండిన ఆప్రికాట్ పళ్లమ్ముకునే ముసలావిడ ఒకావిడ వంగి కనపడింది. భూమేష్ వచ్చీరాని అక్కడి భాషలో, "అవ్వా, కడుపుల ఏమన్న నొస్తున్నదా?" అనడిగాడు. ఆవిడ కింద పడ్డ పండు ఏరుకుని లేచి, మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. మేం ఆకలితో అడుక్కోవడానికొచ్చామనుకుని చెరొక రొట్టె ఇచ్చింది. తినేసి వచ్చేశాం.

డిగ్రీలిచ్చే రోజు దగ్గరకొచ్చేసింది. క్లాసులో సగంమంది ఇంకా భాగస్వామ్యం దక్కక మిగిలే ఉన్నాం. మా ఊరి సెంటర్లో మావయ్య ఫ్లెక్సీ కట్టించాడు. ఫోటో పంపాడు. అందులో నా మెడలో స్టెతస్కోపు, చేతిలో కత్తి, వెనక సూర్యోదయం. "విదేశాల్లో ఎన్నో క్లిష్టమైన ఆపరేషన్లు స్వహస్తాలతో చేసిన డాక్టర్ మణికంఠ గారికి స్వాగతం." కింద దాతల వరసలో మావయ్య ఫోటో, బెల్టు కనపడకుండా. నేను దాన్ని చాలాసేపు చూశాను. ఈ చేతులతో నేను తుడిచిన చెమట కూడా లేదు కదా అని సిగ్గేసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నంలో రొయ్యల పచ్చడి వేసుకుని తిన్నాను. ఇంటి నుంచి ఎవరో తెచ్చిచ్చిన సీసా, అడుగున మిగిలిన పచ్చడి, వాసన కొంచెం తేడాగానే ఉంది. దిగులుగా ఉన్నప్పుడు నేను ఎక్కువ తింటాను. సాయంత్రానికి కడుపు మెలిపెట్టేసింది. మంచం మీద ముడుచుకుని, "అమ్మా" అన్నాను.

భూమేష్ చదువుతున్న పుస్తకం పక్కన పెట్టాడు. "మామా, ఏమైంది?" అన్నాడు కంగారుగా. తర్వాత వాడి మొహంలో కంగారు మెల్లగా పోయి ఇంకేదో వచ్చింది. పాపం దాన్ని దాచుకోవాలని చూశాడు గానీ వల్ల కాలేదు.

పది నిమిషాల్లో మిగిలినవాళ్లంతా మా రూములో ఉన్నారు. ఒకమ్మాయి ఆపిల్ పళ్లు కూడా తెచ్చింది. తలా ఒక చెయ్యి వేసి నా కడుపు నొక్కారు. నొప్పి బొడ్డు చుట్టూ ఉందని నేను మొత్తుకుంటున్నా, కుడివైపు కిందనే ఉందని అందరూ ఏకాభిప్రాయానికి వచ్చేశారు. అంతమంది నొక్కాక నిజంగానే అక్కడ నొప్పి పుట్టింది.

ఆసుపత్రిలో డాక్టర్ ఐగుల్ ఒక్కసారి నొక్కి చూసి, "గ్యాస్" అంది. "రేపు పొద్దున్న చూద్దాం. మజ్జిగలాంటిదేమైనా తాగమనండి."

బరనోవ్ గారు పరుగున వచ్చాడు. ఆయన కళ్లు చెమర్చాయి. "గ్యాసు అనునది వైద్య దృష్టిలో చిన్న విషయమే. కాని సంస్థాగత దృష్టిలో ఇది స్వయంసమృద్ధి. నేటి నుండి మన విద్యాలయము బయటి రోగులపై ఆధారపడనక్కరలేదు."

పొద్దున్నకి నా నొప్పి పూర్తిగా తగ్గిపోయిందండి. ఆకలి కూడా వేసింది. నేను మంచం దిగి చెప్పులేసుకుంటుంటే బరనోవ్ గారు వచ్చి పక్కన కూచున్నాడు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. నా బతుకులో నాకు వచ్చిన ఆలోచనలన్నిటిలోకీ తెలివైనదని అప్పుడు అనిపించింది.

"సార్, ఒకవేళ నాకే ఆపరేషన్ జరిగితే, నాకు భాగస్వామ్యం కింద లెక్కేస్తారా?"

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "శస్త్రచికిత్సయందు రోగి కంటె ప్రత్యక్షముగా పాల్గొనువాడెవడు?"

నేను చెప్పులు విడిచి మళ్లీ పడుకుని మూలగడం మొదలెట్టాను. డాక్టర్ ఐగుల్ వచ్చి నొక్కితే అరిచాను, వదిలితే ఇంకా గట్టిగా అరిచాను. పుస్తకంలో ఉన్న లక్షణాలన్నీ వరసగా ఒప్పజెప్పాను. పరీక్షల్లో ఎప్పుడూ అంత బాగా చెప్పలేదు. ఆవిడ నన్ను అనుమానంగా చూసింది గానీ, అన్ని లక్షణాలున్న కడుపుని వదిలెయ్యడానికి ఏ డాక్టరుకైనా ధైర్యం చాలదు. అప్పటికి ఆసుపత్రిలో స్కానింగు మిషను కూడా పనిచెయ్యడం లేదు, దాన్ని ఆన్ చేసే విభాగం ఎవరికివ్వాలో ఇంకా తేలలేదు.

నడుముకి ఇంజక్షన్ ఇచ్చి కింద సగం మొద్దుబార్చారు. పై సగం మెలకువగానే ఉంది. అయిదేళ్లలో మొట్టమొదటిసారి నేను థియేటర్లో ముందు వరసలో ఉన్నాను. తలుపు తెరిచారు. లైటు వేశారు. నాలుగు తాళ్లూ కట్టారు. ఆ వెలుగులో, చుట్టూ అంతమంది మాస్కులు, గుడ్డల చప్పుడు, పళ్లెంలో కత్తుల చప్పుడు, నాకప్పుడు నిజంగా భయమేసిందండి. ఇంత చేసి నాకేమన్నా అయితే, అక్కడ బెల్టు కట్టుకుని ఎదురుచూసే మనిషి ఏమవుతాడు అనిపించింది.

భూమేష్ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. బట్టీపట్టిన ముక్క చెప్పబోయి ఆగాడు. "భయపడకు మామా, నేనున్న గదా," అన్నాడు. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

"చెల్లును," అన్నాడు బరనోవ్ గారు గుమ్మంలోంచి.

కొయ్యడం మొదలెట్టారు. కాసేపటికి డాక్టర్ ఐగుల్ చేతులు ఆగాయి. లోపలికి చూసింది, నా వంక చూసింది. "ఇది నిక్షేపంగా ఉంది," అంది.

దారం అందించేవాడు, కత్తిరించేవాడు, పళ్లెంలో వేసేవాడు, అందరూ నా వంకే చూస్తున్నారు.

"అబద్ధం చెప్పావు," అంది ఆవిడ.

"ఔను మేడమ్," అన్నాను.

కోపంతో ఆవిడ మొహం ఎర్రబడింది. నుదుటి మీద, ఇన్నాళ్లూ నేను కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన చోట, చెమట బొట్లు వరసగా లేచాయి. నా విభాగాన్ని వేరే కుర్రాడికిచ్చారు. వాడు తాపీగా ముందుకొచ్చి గాజుగుడ్డతో అద్ది తుడిచాడు. నేను బల్ల మీద పడుకుని చూశాను. కడుపు కోసినప్పుడు లేని బాధ నాకప్పుడు కలిగింది.

"ఎలాగూ తెరిచాం," అంది ఆవిడ చివరికి. "ఈ మచ్చ చూసి, అపెండిక్సు తీసేశారనుకుని రేపు ఇంకో డాక్టరు మోసపోకుండా ఉండాలంటే తీసెయ్యడమే మంచిది. తియ్యనా?"

"తీసెయ్యండి," అన్నాను. చుట్టూ మాస్కుల వెనక అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఒక్క ఆపరేషన్‌తో క్లాసు మొత్తం గట్టెక్కిపోయింది. నన్ను వార్డులోకి తెచ్చేటప్పుడు వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు.

కుట్లు విప్పకముందే మా భాగస్వామ్యాల కమిటీ కూచుంది. నన్ను చక్రాల కుర్చీలో తోసుకెళ్లారు. బరనోవ్ గారు లేచి నిలబడి నాకు నమస్కారం పెట్టాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"నీ త్యాగము విద్యాలయ చరిత్రలో నిలిచిపోవును. కాని భాగస్వామ్యము నీకు వర్తింపదు."

"సార్, రోగి కంటే ప్రత్యక్షంగా పాల్గొనేవాడెవడని మీరే అన్నారు."

"అది శస్త్రచికిత్సకు పూర్వపు అభిప్రాయము. పిదప కమిటీ లోతుగా ఆలోచించినది. నీవు శస్త్రచికిత్సకు ఆధారము. ఆధారము వేరు, భాగస్వామి వేరు. ఆపరేషను బల్ల కూడ ఆద్యంతము అచటనే ఉన్నది. బల్లకు పట్టా ఇత్తుమా?"

ఇవ్వాల్సొస్తే సర్వీసు ప్రకారం బల్లకే ముందివ్వాలి, అదీ న్యాయమే.

"మరి నేనేం చెయ్యాలి?"

"వేరొక రోగి లభించువరకు వేచియుండుము. ఈ పర్యాయము నీకు ద్వార విభాగము ఇచ్చెదము. సులభము."

అలా మా క్లాసులో కడుపు కోయించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే, ఆపరేషన్ అనుభవం లేదని తేలినవాణ్ణీ నేనొక్కణ్ణే. ఆ సాయంత్రం మావయ్య ఫోన్ చేశాడు. "నొప్పి కొంచెం ఎక్కువగా ఉంటోందిరా మణీ, ఎప్పుడొస్తున్నావు?" అన్నాడు. "రాజమండ్రిలో చేయించేసుకో మావయ్యా, నాకు ఆపరేషన్ చెయ్యడం రాదు," అన్నాను. మొదటిసారి నిజం చెప్పాను. ఆయన అటువైపు పకపకా నవ్వాడు. "పెద్ద డాక్టర్లందరూ ఇలాగే అంటార్రా," అని పెట్టేశాడు.

డిగ్రీలిచ్చేశారు. అందరూ పెట్టెలు సర్దుకుని ఒక్కొక్కరే విమానమెక్కేశారు. ఊళ్లో రోగులు లేరు. మేం ఇక లేమని నమ్మకం కుదిరేదాకా వాళ్లు రారు. భూమేష్ ప్రయాణం మర్నాడు. నేను కొట్టు నుంచి వాడికి దారిలో తినడానికి బిస్కట్లు కొనుక్కుని రూముకొచ్చాను. వాడి పెట్టె సర్దినది సర్దినట్టే గోడవార ఉంది. వాడు మంచం మీద మోకాళ్లు ముడుచుకుని పడుకున్నాడు.

"ఏమైందిరా?"

"కడుపుల నొస్తున్నది మామా."

"పొద్దున్న బానే ఉన్నావు కదా."

వాడు గోడవైపు తిరిగిపోయాడు. అయిదేళ్లు చూసిన మెడే కాబట్టి, వాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో మొహం చూడకుండానే నాకు తెలుస్తుంది.

నేను పక్కన కూచున్నాను. ఇలాంటప్పుడు డాక్టరు మొదట ఏం అడగాలో పుస్తకంలో రాసుంటుంది. అదే అడిగాను. "నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"నువ్వెప్పుడు చెప్పమంటే గప్పుడే మొదలైందని చెప్త," అన్నాడు భూమేష్.

నాకు ఏడుపు ఆగలేదు. వద్దురా, రేపు నీ విమానం ఎక్కు, నా గోల నేను పడతాను అని చెప్పాలి. స్నేహితుడన్నవాడు ఎవడైనా అదే చెప్తాడు. నేను కళ్లు తుడుచుకుని, చేతులు కడుక్కొచ్చి, వాణ్ణి వెల్లకిలా తిరిగి చొక్కా పైకెత్తమన్నాను.